అక్షరమును మేల్కొల్పు తరగతి

అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కళాశాలలలో తొలి రెండు సంవత్సరముల విద్యార్థులు చదివెడి పాఠ్యములలో ‘అమెరికా ప్రభుత్వము - రాజకీయములు’ అనునది ఒకటి. ఇంజనీరు కాగోరువాడును, వైద్యుడు కాగోరువాడును, సంగీతము నేర్చువాడును పెక్కుచోట్ల ఒకే తరగతిలో కూర్చుండి దీనిని విందురు. టెక్సాసు రాష్ట్రములో నిది శాసనముచేతనే విధింపబడినది. అచ్చటి ప్రభుత్వ కళాశాలలలో పట్టము పొందగోరు విద్యార్థి, వారమునకు 3 గంటల చొప్పున 2 సెమిస్టరులు పట్టునంతటి పాఠ్యమును ప్రభుత్వశాస్త్రమున పూర్తిచేయవలెను. అందులో దేశ రాజ్యాంగముతోపాటు టెక్సాసు రాజ్యాంగమును చేరియుండవలెను. డల్లాసు, హ్యూస్టను ప్రాంతములలో స్థిరపడిన తెలుగు కుటుంబముల బిడ్డలకును ఈ నియమము వర్తించును.

విద్యార్థులలో పలువురికి మొదట ఈ పాఠ్యము రుచింపదు. ఎప్పుడో 1787లో వ్రాసిన పత్రమును, దాని అధికరణములను, సవరణలను వల్లించుటవలన ప్రయోజనమేమి అని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. పరీక్షకొరకు వల్లించి మరునాడు మరచుటకే యైనచో ప్రయోజనము నిజముగా లేదు. కాని అమెరికా చరిత్రలో ఈ చదువే ఒకచోట, చదువురాని పెద్దల చేతికి ఓటు నందిచ్చినది. మరియొకచోట, 200 సంవత్సరములు నిద్రించిన వాక్యమునొకదానిని లేపి రాజ్యాంగమున చేర్చినది. ఆ రెండు కథలు తెలియవలెనన్న, తరగతిలో బోధింపబడునదేమో ముందుగా స్థూలముగ చూడవలెను.

పత్రములో నున్నది

1787 వేసవిలో ఫిలడెల్ఫియా నగరమున సమావేశమైన ప్రతినిధులు 55 మంది. దాదాపు నాలుగు నెలల చర్చల పిమ్మట సెప్టెంబరు 17న సంతకములు చేసినవారు 39 మంది. వారు సిద్ధపరచినది 7 అధికరణముల చిన్న పత్రము. నాలుగు పెద్ద తోలుకాగితములలో అది యంతయు ఇమిడినది. ఇంగ్లండు రాజుతో పోరాడి స్వాతంత్ర్యము గడించి అప్పటికి కొలది యేండ్లే యైనది. రాజు నిరంకుశత్వమును చవిచూచినవారు గనుక, అధికారమంతయు ఒకచోట పోగుపడుటకు వారు భయపడిరి. బలము లేని కేంద్రము ఎట్లు కుంటువడునో ఆ కొలది యేండ్లలోనే చూచిరి గనుక, అధికారము బొత్తిగా లేకుండుటకును భయపడిరి. ఈ రెండు భయముల నడుమ పుట్టినది అమెరికా రాజ్యాంగము.

పెట్టె యొక్కటి, తాళములు మూడు. తాళపుచెవులు ముగ్గురు అన్నదమ్ములయొద్ద నున్నవి. ఒక్కడు తలచినంతనే పెట్టె తెరచుకొనదు. అమెరికా ప్రభుత్వపు కట్టడము ఇట్టిదే. కాంగ్రెసు శాసనము చేయును. అధ్యక్షుడు దానిని తిరస్కరింపవచ్చును. ఆ తిరస్కారమును కాంగ్రెసు ఉభయసభలు మూడింట రెండువంతుల ఓట్లతో త్రోసిపుచ్చవచ్చును. సుప్రీంకోర్టు న్యాయమూర్తులను అధ్యక్షుడు నియమించును, కాని సెనేటు అంగీకరింపవలెను. అధ్యక్షుడే నేరము చేసెనేని ప్రతినిధుల సభ అభిశంసించును, సెనేటు విచారించును. పాలకులందరును సాధువులగుదురన్న నమ్మకముపై కాక, ఒకని ఆశకు మరియొకని ఆశయే అడ్డుకట్ట కావలెనన్న ఎఱుకపై జేమ్సు మాడిసన్ ఈ ఏర్పాటును సమర్థించెను.

ఇక రెండవ కట్టడము కేంద్రమునకును రాష్ట్రములకును మధ్య నున్నది. జనసంఖ్య ఎంతయైనను ప్రతి రాష్ట్రమునకు సెనేటులో 2 స్థానములు. 50 రాష్ట్రములకు 100. ప్రతినిధుల సభలోని 435 స్థానములు మాత్రము జనసంఖ్యనుబట్టి పంపకమగును. ఒక రాష్ట్రమును చీల్చి వేరొక రాష్ట్రము నేర్పరుపవలెనన్న, ఆ రాష్ట్ర శాసనసభ అంగీకారము లేనిదే కాంగ్రెసునకు సాధ్యము కాదు. భారత రాజ్యాంగము ఈ విషయమున వేరు త్రోవ పట్టినది. దాని 3వ అధికరణము ప్రకారము రాష్ట్ర శాసనసభ అభిప్రాయమును అడుగుట విధియే కాని, ఆ అభిప్రాయమునకు పార్లమెంటు కట్టుబడనక్కరలేదు. 2014 జనవరిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ పునర్వ్యవస్థీకరణ బిల్లును తిరస్కరించెను. ఫిబ్రవరిలో పార్లమెంటు దానిని ఆమోదించెను. జూన్ 2న తెలంగాణ రాష్ట్రము అవతరించెను. ఏ పద్ధతి మేలైనదన్నది వేరు చర్చ. సమాఖ్య వ్యవస్థ యన్న పదమొక్కటే యైనను రెండు దేశములలో దాని యర్థమెంత వేరో తెలుగు విద్యార్థికి ఈ యొక్క ఉదాహరణము చాలును.

పత్రములో లేనిది

మంచి ఉపాధ్యాయుడు ఇంతవరకు చెప్పి ఆగడు. రాజ్యాంగములో నున్నదానిని చెప్పిన పిమ్మట, లేనిదానిని వెదకుమని విద్యార్థులను పురికొల్పును. వెదకినకొలది వారికి ఆశ్చర్యము కలుగును.

అమెరికా రాజకీయములన్నియు రెండు పక్షముల చుట్టును తిరుగుచున్నవి. కాని రాజ్యాంగములో రాజకీయ పక్షము అను మాటయే లేదు. కాంగ్రెసు చేసిన శాసనము రాజ్యాంగ విరుద్ధమైనచో చెల్లదని సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచున్నది. ఆ అధికారము కోర్టునకు కలదని పత్రములో స్పష్టమైన వాక్యము లేదు. 1803లో మార్బరీ వ్యాజ్యమున ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్ ఇచ్చిన తీర్పుతో అది స్థిరపడినది. అధ్యక్షుని ఎన్నుకొను ఎలెక్టరులను ప్రజలే ఓటువేసి నిర్ణయింపవలెనని కూడ పత్రము చెప్పదు. రాష్ట్ర శాసనసభ నిర్ణయించిన విధమున వారు నియమింపబడుదురని మాత్రమే చెప్పును. దక్షిణ కెరొలైనాలో 1860 వరకును శాసనసభయే వారిని ఎన్నుకొనుచుండెను. నేటి ఎలెక్టరులు 538 మంది. గెలుపునకు 270 మంది కావలెను. దేశమంతటి ప్రజల ఓట్లలో వెనుకబడినవాడు ఎలెక్టరుల లెక్కలో గెలుచుట 2000లోను, 2016లోను జరిగినది.

జార్జి వాషింగ్టను రెండు పర్యాయములు అధ్యక్షుడై, మూడవమారు నిలుచుటకు 1796లో నిరాకరించెను. అట్లు నిరాకరింపవలెనని ఏ నియమమును లేదు. అయినను ఆ యడుగుజాడ 140 ఏండ్లకు పైగా చెరగలేదు. 1940లో ఫ్రాంక్లిన్ రూజ్వెల్టు మూడవమారును, 1944లో నాల్గవమారును గెలిచిన పిమ్మట, ఆచారము చాలదని తోచి 1951లో 22వ సవరణచే దానిని అక్షరబద్ధము చేసిరి.

ఓడినవాడు గెలిచినవానికి ఆసనము నప్పగించి పోవుటయు ప్రధానముగా ఆచారబలముననే సాగినది. 1801లో ఓడిన జాన్ ఆడమ్సు, తన ప్రత్యర్థియగు థామస్ జెఫర్సనునకు అధికారము విడిచి శాంతముగా వెడలిపోయెను. 2021 జనవరి 6న ఈ ఆచారము కఠిన పరీక్షకు గురియైనది. ముందటి నవంబరు ఎన్నికలో ఓడిన అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంపు అనుయాయులు, ఎలెక్టరుల ఓట్ల లెక్కింపు జరుగుచున్న కాంగ్రెసు భవనముపై దాడిచేసిరి. లెక్కింపు కొన్ని గంటలు ఆగి, మరునాటి తెల్లవారుజామున ముగిసెను. 2022లో కాంగ్రెసు ఆ లెక్కింపు విధానమును స్పష్టపరచుచు శాసనము చేసినది. ఆచారము బీటవారినచోట అక్షరము వచ్చి మాటు వేయుట ఇది రెండవ ఉదాహరణము.

వ్రాసియు నడవనిది

వ్రాయనిది నడచుట ఇట్లుండగా, వ్రాసినది నడవకుండుట ఇంకను విచారకరమైనది. ఈ పాఠ్యములో మిక్కిలి బరువైన భాగమిదియే.

1787 నాటి పత్రములో బానిస యను మాట లేదు. బానిసత్వము మాత్రము కలదు. ప్రతినిధుల సంఖ్యను లెక్కించునపుడు స్వతంత్రులు కానివారిని ఐదింట మూడువంతులుగా గణింపవలెనని అందు వ్రాసిరి. అంతర్యుద్ధము ముగిసిన పిమ్మట 1865లో 13వ సవరణ బానిసత్వమును రద్దుచేసెను. 1868లో 14వ సవరణ పౌరసత్వమును, చట్టముల సమాన రక్షణమును ఇచ్చెను. 1870లో 15వ సవరణ, జాతినిబట్టిగాని రంగునుబట్టిగాని ఓటుహక్కును నిరాకరింపరాదని శాసించెను.

అక్షరములు స్పష్టముగ నున్నవి. అయినను దక్షిణ రాష్ట్రములలో నల్లజాతివారికి ఓటు కలిగినట్లే కలిగి జారిపోయినది. ఓటుపన్ను ఒక అడ్డు, అక్షరాస్యత పరీక్ష మరియొక అడ్డు. ఓటరుగా నమోదు కాగోరువాడు రాజ్యాంగములోని ఒక భాగమును చదివి చూపవలెను. కొన్నిచోట్ల దాని యర్థమును చెప్పవలెను. చెప్పిన యర్థము సరియైనదా కాదా అని నిర్ణయించువాడు ఆ కచేరీలోని నమోదు అధికారియే. హక్కు నిచ్చిన రాజ్యాంగమునే ఆ హక్కునకు అడ్డుగోడగా నిలిపిన వైపరీత్యమిది.

ఆ గోడను దాటుటకు మార్గమును కనుగొన్నవారు బడిపంతులమ్మలు, శ్రమజీవులు. దక్షిణ కెరొలైనాలో చార్లెస్టను నగరమునకు చేరువ జాన్స్ దీవి కలదు. ఆ దీవిలోని ఈసా జెన్కిన్సు అనునతడు తన బస్సులో కూలిజనమును నగరమునకు చేరవేయుచు, ప్రయాణములోనే వారికి రాజ్యాంగ భాగములను నేర్పుచుండెను. బస్సు చదువు చాలదు, రాత్రిబడి కావలెనని అతడు కోరెను. ఆ కోరికను నెరవేర్చినవారిలో ముఖ్యురాలు సెప్టిమా క్లార్కు. ఆమె సుమారు 40 ఏండ్లు ఉపాధ్యాయినిగా పనిచేసినది. నల్లజాతి ప్రజల హక్కులకై పనిచేయు సంఘములో సభ్యత్వమును వదలుకొననందున 1956లో ఆమె ఉద్యోగమును పోగొట్టుకొన్నది.

1957 జనవరిలో జాన్స్ దీవిలో ఒక సహకార దుకాణపు వెనుకగదిలో తరగతి ప్రారంభమైనది. బోధించుటకు నియుక్తురాలైన బెర్నిస్ రాబిన్సను వృత్తిచేత కేశాలంకరణ చేయునామె. అంతకుముందు పాఠము చెప్పి యెరుగదు. పెద్దలను చిన్నపిల్లలవలె చూడనివారే అక్కడ బోధింపవలెనని ఆమెను కోరి నియమించిరి. ఆమె బాలశిక్షల వంటి పుస్తకములను తీసికొనివచ్చి, పెద్దవారికి అవి తగవని మొదటి దినముననే గ్రహించి ప్రక్కన పెట్టినది. మీరేమి నేర్చుకొనగోరుచున్నారని వారినే అడిగినది. సంతకము చేయుట, మనియార్డరు ఫారము నింపుట, ఓటరు దరఖాస్తులోని పదములను చదువుట – ఇవి వారి కోరికలు. అవియే పాఠములైనవి. పొలమునుండి, వంటయింటినుండి వచ్చిన చేతులు పెన్సిలు పట్టినవి. మొదటి తరగతివారిలో పలువురు పరీక్షకు నిలిచి ఓటరులైరి. ఈ ‘పౌరసత్వ బడులు’ పిమ్మట దక్షిణ రాష్ట్రములన్నిటను వ్యాపించినవి. వేలకొలది జనము వానిలో చదువుకొనిరి.

ఆలబామా రాష్ట్రపు సెల్మా పట్టణములో మరియొక విచిత్రము. పిల్లలకు పౌరధర్మములు బోధించు నల్లజాతి ఉపాధ్యాయులలోనే పలువురికి ఓటు లేదు. 1965 జనవరి 22న నూరుమందికి పైగా ఉపాధ్యాయులు, బడి ముగిసిన పిమ్మట, ఫ్రెడరిక్ రీస్ అను తోటి ఉపాధ్యాయుని వెంట బారులుతీరి కోర్టుభవనమునకు నడచిరి. అరెస్టయినచో చెరసాలలో పనికివచ్చునని పండ్లుతోముకొను బ్రష్షులను వెంట తీసికొనిపోయిరి. అధికారులు వారిని మెట్లపైనుండి వెనుకకు నెట్టిరి. ఉద్యోగము పోవునన్న భయము నెరిగిన ఉపాధ్యాయవర్గము కదలుట చూచి, సెల్మాలోని ఇతర వృత్తులవారును ధైర్యము తెచ్చుకొనిరి. ఆ సంవత్సరము ఆగస్టు 6న అధ్యక్షుడు లిండన్ జాన్సను ఓటుహక్కుల చట్టముపై సంతకము చేసెను. 1870లో వ్రాసినది నడచుటకు 95 సంవత్సరములు పట్టినది. ఆ చట్టములో కూడ, ఓటు నియమములను మార్చుటకు ముందుగా కేంద్రపు అనుమతి కోరవలసిన ప్రాంతములేవో నిర్ణయించు భాగము చెల్లదని 2013లో సుప్రీంకోర్టు తీర్పుచెప్పెను. సంపాదించిన హక్కునకు కాపలా తీరదు.

నిద్రించిన వాక్యము

ఇక రెండవ కథ కళాశాల తరగతిలోనే జరిగినది. 1789లో మాడిసన్ ప్రేరణతో కాంగ్రెసు 12 సవరణలను రాష్ట్రముల ఆమోదమునకు పంపెను. వానిలో 10 సవరణలు 1791లో ఆమోదము పొంది ‘హక్కుల పత్రము’ అను పేర ప్రసిద్ధికెక్కినవి. మిగిలిన రెండింటిలో నొకటి, కాంగ్రెసు సభ్యులు తమ జీతమును తామే పెంచుకొన్నచో, నడుమ ఒక ఎన్నిక జరిగినగాని ఆ పెంపు అమలులోనికి రారాదని చెప్పునట్టిది. చాలినన్ని రాష్ట్రములు ఆమోదింపనందున అది మూలబడినది. దానికి కాలపరిమితి విధింపబడలేదు. ఆ సంగతి మాత్రము దాదాపు అందరును మరచిరి.

1982లో ఆస్టిన్ నగరమునందలి టెక్సాసు విశ్వవిద్యాలయమున రెండవ సంవత్సరపు విద్యార్థి గ్రెగరీ వాట్సను, ప్రభుత్వశాస్త్రపు తరగతికి వ్యాసము వ్రాయవలసివచ్చి గ్రంథాలయములో వెదకుచు ఈ సవరణను చూచెను. గడువు లేదు గనుక ఇది యింకను జీవించియే యున్నదని, నేడైనను రాష్ట్రములు ఆమోదింపవచ్చునని వాదించుచు వ్యాసము వ్రాసెను. ఆ వ్యాసమునకు వచ్చిన శ్రేణి ‘సి’. పునఃపరిశీలన కోరినను మారలేదు. విద్యార్థులు సాధారణముగా ఇచ్చట చిన్నబోయి ఊరకుందురు. వాట్సను ఊరకుండలేదు. ఒక్కొక్క రాష్ట్రపు శాసనసభ్యులకు ఉత్తరములు వ్రాయ మొదలిడెను. ఖర్చు తన సొంతము. పెక్కు ఉత్తరములకు ప్రత్యుత్తరమే లేదు. 1983లో మెయిన్, 1984లో కొలరాడో ఆమోదించినవి. పిమ్మట ఒకదానివెంట నొకటిగా రాష్ట్రములు చేరినవి. 1992 మే నెలలో, 50 రాష్ట్రములలో నాలుగింట మూడువంతులు, అనగా 38 రాష్ట్రములు, ఆమోదించినట్లు తేలి అది 27వ సవరణ అయ్యెను. ప్రతిపాదనకును ఆమోదమునకును మధ్య గడచిన కాలము 202 సంవత్సరములకు పైబడినది. ఆనాడు తరగతి నడపినామె సంతకముతోనే 2017లో విశ్వవిద్యాలయము వాట్సను శ్రేణిని ‘ఏ’గా మార్చెను.

ఈ కథ విని ఉపాధ్యాయుని పరిహసించుట తగదు. రోజుల తరబడి వ్యాసములు దిద్దు చేతికి ఒక్కొక్కప్పుడు రత్నమును గాజువలె తోచుట సహజము. ఆమె ఆ వ్యాసమును కోరియుండనిచో వాట్సను గ్రంథాలయమునకు పోయియే యుండడు. శ్రేణి యేదైనను, తరగతి తన పని తాను చేసినది.

భారతదేశమునకు వచ్చిన, రాజ్యాంగ నిర్మాతలు ప్రాథమిక హక్కులను, న్యాయసమీక్షను స్వీకరించుటలో అమెరికా అనుభవమును శ్రద్ధగా పరిశీలించిరి. ఓటు విషయమున మాత్రము ఆ త్రోవ పట్టలేదు. 1951-52 నాటి మొదటి సాధారణ ఎన్నికలలోనే వయోజనులందరికిని, స్త్రీ పురుష భేదము గాని చదువు పరీక్ష గాని లేకుండ ఓటు లభించినది. చదువురానివారు పక్షముల గుర్తులను చూచి ఓటువేసిరి. జాన్స్ దీవివాసులు రాత్రిబడిలో చదివి సంపాదించుకొన్నదానిని ఇచ్చటివారు పుట్టుకతోడనే పొందిరి. శ్రమ లేక లభించినదాని విలువ తెలియుటకు పాఠము మరింత అవసరము.

పౌరశాస్త్రపు గంటను కాలక్షేపపు గంటగా భావించు బడులలో ఉపాధ్యాయులు ఒక చిన్న ప్రయోగము చేయవచ్చును. రాజ్యాంగములోని ఒక అధికరణమును నల్లబల్లపై వ్రాసి, దాని క్రింద మూడు ప్రశ్నలు వ్రాయవలెను. ఇది మన ఊరిలో నడచుచున్నదా? నడవనిచో అడుగవలసినదెవరిని? అడుగు ఉత్తరము ఎట్లు వ్రాయవలెను? మూడవ ప్రశ్నకు సమాధానముగ వ్రాసిన ఉత్తరములలో ఒక్కటైనను తపాలాపెట్టెను చేరినచో, ఆ దినపు పాఠము సఫలమైనట్లే.